గోడవైపు తిరగండి

పోయినవారం మనం వదిలిపెట్టిన చోట బుల్లిరాజుగారి తెల్లకారు ఇంకా ఆగే ఉంది. రత్నగిరి ఇంటర్నెట్ సెంటర్ గుమ్మానికి అడ్డంగా, ఓ చక్రం మురుక్కాలవ పలక మీద, ఇంకో చక్రం వీరమ్మ ఇడ్లీ బండి పెట్టుకునే చోట. కారు తలుపు తెరుచుకోవడం దగ్గర ఆపేశాం. వారం పాటు పాపం ఆయన్ని తలుపు పట్టుకుని నిలబెట్టేశాం కాబట్టి ముందు ఆయన్ని దిగనిద్దాం.

ఆయన దిగేలోగా, ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. ఊరు సీతంపాలెం, ద్రాక్షారామం నుంచి యానాం వెళ్లే దారిలో ఉంది. ఏప్రిల్ వచ్చి కాలువలు కట్టేశాక ఊరంతటికీ మంచినీళ్ల చెరువొక్కటే దిక్కు. దాని పక్కనే బుల్లిరాజుగారి రొయ్యల చెరువులు. రొయ్యలు పట్టేశాక మిగిలిన ఉప్పునీళ్లని అంత దూరాన ఉన్న డ్రెయిను దాకా ఎవరు తోడిస్తారని, ఓ తూము గుండా మంచినీళ్ల చెరువులోకి వదిలేస్తున్నారు. ఆ సంగతి రాసి, దయచేసి వచ్చి చూడండని ఎవరో జిల్లా ఆఫీసరుగారికి ఈ-మెయిల్ పంపారు. కింద పేరు లేదు. ఆ మెయిల్ అచ్చయిన కాగితం ఏ దారిన వచ్చిందో గానీ బుల్లిరాజుగారి చేతికి చేరింది. పంపినవాళ్ల ఐడీని ఆఫీసులో ఎవరో సిరాతో కొట్టేశారు గానీ దాని మీద వేళ ఉంది, శుక్రవారం మధ్యాహ్నమని. ఊళ్లో నెట్ ఉన్నది ఒక్కచోటే.

ఆ ఒక్కచోటు వెంకటదుర్గది. వాళ్ల నాన్న అప్పారావుగారు బతికున్న రోజుల్లో అది టైపు ఇన్‌స్టిట్యూట్. ఆయన పోయాక మిషన్లు అమ్మేసి దుర్గ కంప్యూటర్లు పెట్టింది, బల్లలు మాత్రం అవే. ఒకరు చూసుకునేది పక్కవారికి కనపడకూడదని మధ్యలో ప్లైవుడ్ అడ్డాలు కట్టి అరలు చేసింది. ఎదురుగోడకి పెద్ద అద్దాల ఫ్రేములో అన్నవరం సత్యదేవుడు, పక్కన రమాసత్యవతీదేవి. ఆ అద్దాన్ని రోజూ పొద్దున్నే పాత పేపరుతో తళతళలాడేలా తుడిచాకే కంప్యూటర్లు ఆన్ చేస్తుంది. ఎవరి తెర మీదికీ తొంగి చూడదు. అది ఆమెలో ఉన్న మంచి. ఆమె చేసిన పెద్ద తప్పు కూడా ఒకటుంది, కాస్సేపట్లో అదే బయటికొస్తుంది.

సరే, ఆయన దిగారు.

"బావున్నావా అమ్మా దుర్గా," అంటూ లోపలికొచ్చి గుమ్మం పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. వెనకాల ఆయన మేనల్లుడు గణేష్‌బాబు. ఇంజనీరింగ్ చదువుతున్నాడు, సెలవులకి వచ్చాడు.

"బావున్నానండి. మంచినీళ్లు తెమ్మంటారా అండి?"

ఈ వేళప్పుడు, ఈ ఊళ్లో, ఆయనతో అనాల్సిన మాట కాదు అది. దుర్గ కావాలని అనలేదు, అలవాటుగా వచ్చేసింది. బుల్లిరాజుగారు మాత్రం ఓ క్షణం ఆమె మొహం కేసి చూసి, "ఒద్దమ్మా," అన్నారు మెల్లగా.

ఆయన మెల్లగా మాట్లాడితేనే భయం. ఊళ్లోవాళ్లు ఆయన అరిచినప్పుడు చాటుగా నవ్వుకుంటారు, గొంతు తగ్గించినప్పుడు మాత్రం ఎక్కడి పని అక్కడ వదిలేసి నిలబడతారు. ఇప్పుడూ అదే జరిగింది. మొదటి అరలో ఉన్న జీవరాజు మాస్టారి కీబోర్డు ఆగిపోయింది. రెండో అరలోంచి పాస్టర్ ఏసురాజుగారు తల బయటికి పెట్టారు. మస్కట్‌లో పనిచేస్తున్న కూతురు చిన్నమ్మాయి దగ్గర్నించి ఏమైనా వచ్చిందేమో చదివించుకుందామని బెంచీ మీద కూర్చున్న వీరమ్మ కొంగు సర్దుకుంది.

"శుక్రవారం మధ్యాహ్నం ఈ బల్లల దగ్గర ఎవరెవరు కూర్చున్నారు?"

"చాలామంది వస్తూంటారండి. గుర్తుండదండి."

"గుర్తుండదా? మీ నాన్నకి ఏ ఏడు ఏ అమ్మాయి ఏ మిషను మీద టైపు కొట్టిందో గుర్తుండేది."

"గుర్తుండేదండి. ఎవరికీ చెప్పేవారు కాదండి."

బుల్లిరాజుగారు నవ్వారు. ఆ నవ్వు దుర్గకి బొత్తిగా నచ్చలేదు.

"ఆవిడ చెప్పక్కర్లేదు మావయ్యా," అన్నాడు గణేష్‌బాబు. "కంప్యూటరే చెబుతుంది. ఎవరు ఏ పేజీ తెరిచారో అంతా హిస్టరీలో ఉండిపోతుంది." అంటూనే ఖాళీగా ఉన్న అరలోకి దూరి మౌసు అందుకున్నాడు. నొక్కాడు, మళ్లీ నొక్కాడు. పక్క అరలోకి మారి అక్కడా నొక్కాడు.

"ఉండదు బాబూ," అంది దుర్గ. "ఎవరు లేచి వెళ్లినా ఆ వెంటనే చెరిపేస్తాను. హోటల్లో ఒకరు తాగిన గ్లాసు కడక్కుండా ఇంకొకరికి ఇవ్వరు కదండీ."

పాస్టరుగారు తల ఊపారు. వీరమ్మకి సంగతి అర్థం కాలేదు గానీ గ్లాసు సంగతి అర్థమై ఆవిడా ఊపింది. గణేష్‌బాబు మొహం కాస్త మాడింది. ఊళ్లో కంప్యూటరు తెలిసినవాడు తనొక్కడే అనుకుని బయల్దేరి వచ్చిన కుర్రాడు కదా. బయటికొచ్చి ఓ నిమిషం తల గోక్కున్నాడు. ఉన్నట్టుండి ఏదో గుర్తొచ్చి కళ్లు మెరిశాయి.

"దుర్గక్కా, నా ఐడీ మొదట ఇక్కడే కదా తెరిచావు. ఇంటర్‌లో ఉండగా."

 వాడు ఏమనబోతున్నాడో దుర్గకి తెలిసిపోయింది.

ఆ తప్పు ఇది. సీతంపాలెంలో ఈ-మెయిల్ ఐడీ కావాలంటే అందరూ దుర్గ దగ్గరికే వచ్చేవారు. ఐడీ ఆమే పెట్టేది, పాస్‌వర్డూ ఆమే పెట్టేది. మొదట్లో ఎవరిది వాళ్లకి వేరేగా పెట్టింది. వాళ్లు మర్నాటికే మర్చిపోయి, "నా ఉత్తరాలు పోయాయమ్మా," అని ఏడుస్తూ వచ్చేవారు. ఇలా కాదని అందరికీ ఒకటే పెట్టేసింది, రత్నగిరి అని. సత్యదేవుడి కొండ పేరు ఎవరు మర్చిపోతారు? పైగా గుమ్మం మీద బోర్డులోనే రాసి ఉంది. "తర్వాత మీరు మార్చుకోండి," అని ప్రతివాళ్లకీ చెప్పేది. స్వామి పేరు మారిస్తే కళ్లు పోతాయనేవారు కొందరు, మార్చడం చేతకానివాళ్లు మిగతావాళ్లు. అలా ఊరందరి ఉత్తరాలకీ ఒకటే తాళంచెవి అయింది. లూథరన్ చర్చి పాస్టరుగారి మెయిల్‌కి కూడా అదే.

"మావయ్యా, ఊరందరి పాస్‌వర్డూ ఒకటే," అన్నాడు గణేష్‌బాబు. "పంపిన మెయిళ్లన్నీ వాళ్ల పెట్టెలోనే ఉంటాయి. ఎవరిది కావాలంటే వాళ్లది తెరవొచ్చు. ముందు మాస్టారిది చూద్దాం. శుక్రవారం మధ్యాహ్నం ఈ గుమ్మం దిగుతూ నాకు ఎదురుపడ్డారు."

జీవరాజు మాస్టారు అరలోంచి లేచి నిలబడ్డారు. ఊళ్లో ఎయిడెడ్ హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతారు. ఆ స్కూలు కమిటీకి బుల్లిరాజుగారే ప్రెసిడెంటు. మాస్టారి ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. జూన్‌లో ఉంచాలన్నా తీసెయ్యాలన్నా కమిటీ ఓ తీర్మానం రాస్తే సరిపోతుంది.

"నేను రాయలేదండి," అన్నారు మాస్టారు.

"రాయకపోతే సంతోషమే మాస్టారూ," అన్నారు బుల్లిరాజుగారు మరీ మెల్లగా. "తప్పు చెయ్యనప్పుడు చూపించడానికి భయమేంటండి?"

వినడానికి ఈ మాట ఎంత న్యాయంగా ఉందో చూడండి. లోకంలో సగం దౌర్జన్యం ఈ మాట వెనకాలే జరుగుతుంది. తప్పు చెయ్యనివాడికి దాచుకునేది ఏమీ ఉండదని మొదట అన్నదెవరో గానీ, ఆయనింట్లో స్నానాలగదికి గడియ లేదేమో కనుక్కోవాలి.

 మాస్టారు కుర్చీ వీపు మీంచి వంగి తెర మీదున్న మెయిల్ని గబగబా మూసేశారు. రాసింది ఈయనే అనుకుంది దుర్గ. ఈయన ఉద్యోగం నా చేతుల మీదుగా పోతోంది, నేను పెట్టిన పాస్‌వర్డుతోనే పోతోంది అనుకుంది. గణేష్‌బాబు ఆ కుర్చీలో కూర్చుని మాస్టారి ఐడీ కొట్టేశాడు. రత్నగిరిలో మొదటి అక్షరం మీదికి వాడి వేలు వెళ్లింది.

"ఆగండి బాబూ," అంది దుర్గ. "ముందు మావయ్యగారిది తెరవండి."

"ఏంటి?" అన్నాడు వాడు.

"బుల్లిరాజుగారి ఐడీ కూడా నేనే పెట్టాను కదండీ. పోయినేడు, రొయ్యలు కొనేవాళ్లు మెయిల్లో రేట్లు పంపుతామంటేనూ. దానికీ ఇదే పాస్‌వర్డండి. తప్పు చెయ్యనప్పుడు భయమేంటని వారే అన్నారు. పెద్దవారితో మొదలుపెడితే బావుంటుంది. ఇక్కడున్నవాళ్లం అందరం చూస్తాం, తర్వాత మాస్టారు మాత్రం ఎందుకు కాదంటారు?"

ఎక్కడినుంచి వచ్చిందో ఆ ధైర్యం ఆమెకే తెలీదు. 

"అవును బాబూ, తెరువు," అంటూ వీరమ్మ బెంచీ మీంచి లేచి దగ్గరకొచ్చింది. "నాకు సదువు రాదనుకో. అయినా సూస్తాను."

పాస్టరుగారు దగ్గు వచ్చినట్టు అటు తిరిగారు. బుల్లిరాజుగారు మొదట నవ్వారు. తర్వాత నవ్వు ఆపారు. తన మెయిల్లో ఏమేం ఉన్నాయో ఒక్కొక్కటే ఆయనకి గుర్తొస్తున్నట్టుంది. రొయ్యల రేట్లున్నాయి. తమ్ముడి వాటా గురించి ప్లీడరుగారితో జరిగిన ఉత్తరాలున్నాయి. ఇంకేమున్నాయో మనకి తెలీదు, ఆయనకి తెలుసు.

"గణేషూ, చెయ్యి తియ్యరా."

"ఒక్క నిమిషం మావయ్యా, ఇదిగో..."

"తియ్యమన్నానా."

వాడు చెయ్యి తీసేశాడు.  బుల్లిరాజుగారు జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నారు.

"అంటే ఇన్నాళ్లూ నా ఉత్తరాలు ఎవడు పడితే వాడు చదువుకోవచ్చన్నమాట."

"చదువుకోవచ్చండి. తప్పు నాదేనండి," అంది దుర్గ. "ఇప్పుడే మార్పిస్తాను. మీది ముందు. ఆ తర్వాత ఊరందరిదీ."

అలా, తీగ లాగడానికి వచ్చిన పెద్దమనిషి ముందు తన డొంక దాచుకునే పనిలో పడ్డారు. కంప్యూటరు ముందు కూర్చుని, "ఆఁ, నేను చెబుతాను, కొట్టు," అన్నారు.

"చెప్పకూడదండి."

"నీక్కూడానా?"

"నాక్కూడానండి. ఇకమీదట ఎవరిది వారికే తెలియాలి. నేను గోడవైపు తిరుగుతాను, మీరే కొట్టుకోండి."

దుర్గ సత్యదేవుడి పటం వైపు తిరిగింది. ఆమెని చూసి పాస్టరుగారూ, మాస్టారూ తిరిగారు. వీరమ్మ దణ్ణం కూడా పెట్టుకుంది. బుల్లిరాజుగారు చూపుడువేలితో ఒక్కో అక్షరాన్ని వెతికి వెతికి పొడవడం మొదలుపెట్టారు. మధ్యలో ఆ చప్పుడు ఆగింది.

"గణేషూ, నువ్వు కూడా తిరగరా."

గణేష్‌బాబు తిరిగాడు.

అంతటితో ఆయన లేచి వెళ్లిపోయి ఉంటే మనకి ఈ వారం కథే లేదు. ఆయన అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. కుర్చీని గుమ్మానికి ఇంకాస్త దగ్గరగా జరిపించుకుని, "ఊరందరికీ కబురు పెట్టమ్మా," అన్నారు. "నేనిక్కడే కూర్చుంటాను. రాసినవాడెవడో తన మెయిల్ ఎవరైనా తెరిచేస్తారేమోనని పరిగెత్తుకొస్తాడు. మొహం చూస్తే చాలు, నేను పోల్చేస్తాను."

దుర్గ ఇరుకున పడింది. మార్చకపోతే గణేష్‌బాబు ఏ కాలేజీ ఊళ్లోనో కూర్చుని తెరుస్తాడు. మారుద్దామంటే ఈయన వాకిట్లో కాపలా. ఏది చేసినా ఆ రాసిన మనిషి దొరికిపోయేలా ఉన్నాడు. ఆమెకి దారి చూపించింది పాస్టరుగారే. తిన్నగా చర్చికి వెళ్లి మైకు అందుకున్నారు. రత్నగిరిలో ఐడీ ఉన్న సోదర సోదరీమణులందరూ, ఏ మతంవారైనా సరే, వెంటనే వచ్చి పాస్‌వర్డ్ మార్చుకోవలసిందిగా మనవి అని చెప్పారు. ఎందుకో చెప్పలేదు. ఎందుకో చెప్పకపోతే సీతంపాలెం ఆగుతుందా?

వచ్చారు. సైకిళ్ల మీద వచ్చారు, చేలోంచి కాళ్లు కడుక్కోకుండా వచ్చారు, సగం గడ్డంతో మంగలి కుర్చీలోంచి లేచి వచ్చినవాడూ ఉన్నాడు. ఐడీ లేనివాళ్లు కూడా తమకి ఉందేమో చూడమని వచ్చారు. వచ్చిన ప్రతివాళ్లూ గుమ్మంలో బుల్లిరాజుగారిని చూసి గతుక్కుమన్నారు. గతుక్కుమన్న ప్రతి మొహాన్నీ ఆయన పరీక్షగా చూశారు. చూసి చూసి ఆయన కళ్లు నొప్పెట్టాయి గానీ పని జరగలేదు. ఎందుకంటే ఒక్క మొహం కూడా మామూలుగా లేదు. చీటీపాట గురించి బావమరిదికి రాసినవాడొకడు, పెళ్లిచూపుల ఫొటో ఇంట్లో చెప్పకుండా తెప్పించుకున్న పిల్ల ఒకతె, కువైట్ వీసా కోసం ఏజెంటుని బతిమాలుతున్నవాడు ఇంకొకడు. అవేవీ నేరాలు కావు. అయినా తలో గుటకా మింగుతూనే లోపలికెళ్లారు.

దుర్గ ఇది గమనించి ఊపిరి పీల్చుకుంది. ఒక్కడే భయపడితే దొరికిపోతాడు. ఊరంతా భయపడితే ఎవరిని పట్టుకుంటారు? ఆ సంతోషంలో ఆమె చకచకా పని కానిచ్చింది. ఒకరు కొడుతుంటే తక్కినవాళ్లందరూ గోడవైపు తిరగాలి. కాస్సేపటికి అదో ఆటయిపోయింది. "తిరగండి తిరగండి" అని ఒకరినొకరు హెచ్చరించుకుంటూ, నవ్వుకుంటూ, జనం సత్యదేవుడి వైపు తిరిగి నిలబడ్డారు.

"ఇన్నాళ్లూ నా ఉత్తరాలు కొండమీద ఉన్నాయన్నమాట," అని నవ్వారు ఏసురాజుగారు తనది మార్చుకుంటూ.

"కొండమీద భద్రంగానే ఉన్నాయి లెండి," అన్నాడు వెనకనించి ఎవరో.

వీరమ్మతో మాత్రం తగువైంది. "నా మనవరాలి పేరెట్టు," అని వీధి చివరికి వినపడేలా ఆ పేరు చెప్పేసింది.

"అదిక పనికిరాదు పెద్దమ్మా, అందరూ వినేశారు. నీ ఇష్టం వచ్చిన చోట్ల నువ్వే వేలు పెట్టు. మళ్లీ వచ్చినప్పుడు అక్కడే పెట్టాలి, అంతే."

ఆవిడ కీబోర్డు కేసి కాస్సేపు చూసి, ఇడ్లీ రేకులో పిండి పోసే వరసన అటొకటి ఇటొకటి నొక్కింది. రెండోసారి కొట్టమంటే తడుముకోకుండా అవే నొక్కింది. అలా పడిన మాటకి అర్థం లేదు, దాన్ని నోటితో చెప్పడం ఆవిడకి కూడా రాదు. ఊళ్లో అంతకంటే గట్టి తాళం ఇంకొకటి లేదని దుర్గ చాలా రోజులు చెప్పుకుంది.

జీవరాజు మాస్టారు అందరూ అయ్యేదాకా ఆగి మార్చుకున్నారు. ఆయన లేస్తుంటే దుర్గ గొంతు తగ్గించి అంది. "మీరు భయపడకండి మాస్టారూ. మీరు రాసినట్టు ఇక ఎవరికీ తెలీదు."

"నేనే రాసుంటే బావుండేది దుర్గమ్మా. ఆ పాటి ధైర్యం నాకు లేకపోయింది." మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నా మెయిల్లో ఆఫీసరు లేడమ్మా. మా ఆవిడ దీనమ్మ ఉంది. ఆవిడ జబ్బు గురించి వెల్లూరు డాక్టరుగారికి రాస్తున్నాను. ఊళ్లో ఎవరికీ తెలియడం ఆవిడకి ఇష్టం లేదు. చెప్పాలనిపించిన రోజున ఆవిడే చెబుతుంది."

ఏం జబ్బో ఆయన చెప్పలేదు. దుర్గ అడగలేదు. మనమూ అడగొద్దు. తన నిర్దోషిత్వం ఒక్క నొక్కుతో చూపించుకోగలిగి కూడా ఉద్యోగాన్ని పణంగా పెట్టి నోరు మూసుకున్న ఆ మనిషిని చూస్తే దుర్గకి వాళ్ల నాన్న గుర్తొచ్చాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

అయితే మరి రాసిందెవరు?

ఎండ వాలింది. జనం పల్చబడ్డారు. గణేష్‌బాబు విసుగెత్తి కారులో కూర్చుని పాటలు పెట్టుకున్నాడు. బుల్లిరాజుగారు లేవడమా మానడమా అని ఆలోచిస్తుండగా గుమ్మంలోకి పాపాయమ్మగారు వచ్చారు. ఆయన భార్య. జరీ అంచు నేతచీర, చేతిలో కాఫీ ఫ్లాస్కు.

"నువ్వెందుకొచ్చావే?" అన్నారు ఆయన.

"పొద్దుట్నించీ ఇక్కడే ఉన్నారని మన పనిమనిషి మరిడమ్మ చెప్పింది. కాఫీ తాగండి." ఫ్లాస్కు మూత తిప్పి, ఆ మూతలోనే కాఫీ పోసి ఆయన చేతికిస్తూ, "మైకులో చెప్పారుగా, ఐడీ ఉన్నవాళ్లందరూ రమ్మని. నాదీ ఓ ఐడీ ఉంది," అన్నారు.

"నీకు ఐడీ దేనికి?"

"ముగ్గులకండి. శుక్రవారాలు గుడి నుంచి వస్తూ ఇక్కడ ఆగుతానని చెప్పలేదూ? నెట్‌లో కొత్త కొత్త ముగ్గులుంటాయి. విజయవాడ నుంచి ఒకావిడ పంపిస్తూంటారు కూడానూ."

ఆ రోజు మొదటిసారి బుల్లిరాజుగారు కడుపారా నవ్వారు. "ముగ్గులకి కూడా తాళమేంటే?"

"ఎవరైనా చుక్కలు ఎత్తుకుపోతారేమోనని," అంటూ ఆవిడ ఎప్పుడూ కూర్చునే చివరి అరలోకి వెళ్లి కూర్చున్నారు. ఆయన నవ్వుతూ కాఫీ ఊదుకుంటున్నారు.

దుర్గ మామూలుగా ఆ అర పక్కనే గోడవైపు తిరిగి నిలబడింది. వెనకనించి కీబోర్డు చప్పుడు మొదలైంది.

పొద్దున్నించీ ఆమె చెవుల్లో ఒకటే చప్పుడు. ఊరంతా చూపుడువేలితో వెతికి పొడిచేదే. టక్కు, కాస్సేపు నిశ్శబ్దం, మళ్లీ టక్కు. ఈ చప్పుడు అది కాదు. పది వేళ్లూ కదులుతున్నాయి, ఎక్కడా తడబాటు లేదు, మాటకీ మాటకీ మధ్య బొటనవేలు తేలిగ్గా పడుతోంది. ఈ లయ దుర్గకి ఉయ్యాల్లో ఉన్నప్పట్నించీ తెలుసు. అప్పారావుగారి ఇన్‌స్టిట్యూట్‌లో, కీబోర్డు మీద గుడ్డ కప్పి, చూడకుండా కొట్టించి నేర్పిన చెయ్యి అది. పాపాయమ్మగారిది ఈ ఊరే. పెళ్లికి ముందు ఈ బల్లల మీదే టైపు లోయర్ పరీక్ష పాసయ్యారు. ఆ సంగతి ఊరు మర్చిపోయింది. కట్టుకున్నాయన మర్చిపోయాడు.

ముగ్గుల పాస్‌వర్డుకి ఇంతసేపు పట్టదు. ఆవిడ ఉత్తరం రాస్తున్నారు.

"అమ్మాయ్," అని గుసగుసగా వినపడింది. "ఇటు తిరుగు."

దుర్గ తిరిగింది. జీవితంలో మొదటిసారి ఇంకొకరి తెర మీదికి, వాళ్లు చూడమంటే, చూసింది. జిల్లా ఆఫీసరుగారి దగ్గర్నించి జవాబు వచ్చి ఉంది. రేపు ఉదయం మా మనుషులు వస్తున్నారు, మీ పేరు అక్కర్లేదు, తూము ఏ గట్టు కింద ఉందో ఈ సాయంత్రంలోగా రాయండి చాలు అని. దాని కింద పాపాయమ్మగారు సగం రాసిన జవాబు ఉంది.

"మా ఇంట్లో కొనుక్కున్న టిన్ను నీళ్లు తాగుతున్నాం అమ్మాయ్," అన్నారావిడ పెదవులు కదిలీ కదలకుండా. "మరిడమ్మ పిల్లలు ఆ చెరువు నీళ్లే తాగుతున్నారు. ఆయనకి ఎన్నోసార్లు చెప్పాను. ముగ్గులు వేసుకోమన్నారు. నువ్వు ఎవరిదీ చూడవని, వెళ్లగానే చెరిపేస్తావని తెలిసే నీ దగ్గరికొచ్చాను."

దుర్గకి ఒకేసారి నవ్వూ ఏడుపూ వచ్చాయి. తన తప్పుతో ఊరంతా మునిగిపోతుందని పొద్దున అనుకుంది. ఇప్పుడు ఇంకో నాలుగు వరసలు రాయగలిగితే ఊరు మంచినీళ్లు తాగుతుంది. అంత సంతోషం ఆమెకి ఈ సెంటర్ తెరిచిన రోజున కూడా కలగలేదు.

"ఇంకా కాలేదా?" ప్లాస్టిక్ కుర్చీ కిర్రుమంది. చెప్పుల చప్పుడు ఇటే వస్తోంది.

దుర్గ ఒక్క అడుగులో బయటికొచ్చి అర ముందు నిలబడింది. "పాస్‌వర్డ్ కొడుతున్నారండి. గోడవైపు తిరగండి."

"మా ఆవిడేనమ్మా."

"ఎవరికైనా ఒకటే రూలండి. పొద్దున మీరు కొడుతున్నప్పుడు వారు ఇక్కడుంటే వారినీ తిప్పేదాన్నండి."

బుల్లిరాజుగారు ఏదో అనబోయి ఆగిపోయారు. పొద్దున కొట్టిన తన పాస్‌వర్డూ, దాని వెనకాల దాచినవీ గుర్తొచ్చి ఉంటాయి. సరే అన్నట్టు తలూపి, కాఫీ మూత చేత్తో పట్టుకుని, గోడవైపు తిరిగి నిలబడ్డారు. ఊరిని ఆడించే మనిషి, పెళ్లాం రాస్తున్న ఉత్తరానికి వీపు పెట్టి, చెప్పిన మాట వినే పిల్లాడిలా నిలబడ్డాడు. వెనకాల పది వేళ్ల చప్పుడు మళ్లీ మొదలైంది, ఇందాకటికంటే జోరుగా. కొట్టండి పాపాయమ్మగారూ, కొట్టండి అనుకుంది దుర్గ. తల ఎత్తి సత్యదేవుడికి దణ్ణం పెట్టుకోబోయింది.

అప్పుడు చూసింది.

చివరి అరకి సరిగ్గా ఎదురుగా ఉంది ఆ పటం. పొద్దుటినుంచీ జనమంతా మొదటి కంప్యూటరు దగ్గరే మార్చుకున్నారు కాబట్టి ఎవరికీ తట్టలేదు. ఆమె రోజూ తళతళలాడేలా తుడిచే ఆ అద్దంలో, స్వామివారి పాదాల దగ్గర, పాపాయమ్మగారి భుజం కనిపిస్తోంది. భుజం పక్కన తెల్లగా వెలుగుతున్న తెర. ముగ్గయితే చుక్కలుండాలి. అద్దంలో ఉన్నవి వరసలు, ఒకదాని కింద ఒకటి పెరుగుతున్న వరసలు.

బుల్లిరాజుగారు పటం కేసి కాస్త ముందుకి వంగారు. కాఫీ మూతని బల్ల మీద పెట్టి, చొక్కా జేబులోంచి కళ్లజోడు తీశారు.